పునుగు పొంగవలెను, పేలరాదు

వానకారు సాయంకాలము పిల్లలు బడినుండి వచ్చి, పుస్తకముల సంచులు ఒక మూలకు చేర్చి, వంటింటి గడపలో నిలిచి "తినడానికేముందే అమ్మా?" అని అడుగుదురు. గుంటూరు సీమ ఇల్లాలి వద్ద ఆ ప్రశ్నకు ఎల్లప్పుడును సిద్ధముగానుండు సమాధానము పునుగులు. గిన్నెడు పిండి, మూకుడు నూనె, అరగంట తీరిక ఉన్న చాలును. పని ఇంత సులువైనది కావుననే దానిని విడమరచి చెప్పువారు అరుదు. తల్లి వేయుచుండగా కూతురు ప్రక్కన నిలిచి చూచును. "పిండి చూసి వెయ్యి, నూనె చూసి తియ్యి" అనుటతో పాఠము ముగియును. పిండిలో చూడవలసినది ఏమి, నూనెలో చూడవలసినది ఏమి అను సంగతి మాత్రము ఎవరును చెప్పరు.

చెప్పకపోవుటవలన కలుగు నష్టమును మేము మా ఇంటనే చూచితిమి. ఆ కథ ముందు వచ్చును. ఆ "చూచుట" యనుదానిని విప్పి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. పునుగు ఏల పొంగును, ఏల నూనె పీల్చును, ఏల ఒక్కొక్కప్పుడు పేలును అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసినయెడల మిగిలిన పాకశాస్త్రమంతయు దానంతట అదే అలవడును.

మాకు పునుగులు నేర్పిన ఇండ్లు మూడు: ఒకటి తెనాలిలో, ఒకటి బాపట్లలో, ఒకటి రేపల్లెలో. తెనాలి కూడలిలో రైలుబాట చీలును. పెద్దబాట నిడుబ్రోలు, బాపట్లల మీదుగా చెన్నపట్నమువైపు సాగును. చిన్నబాట వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె చేరి అచ్చటితో ముగియును. ఒకప్పుడు మూడూళ్లును గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు బాపట్ల, రేపల్లె అందు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. జిల్లాలు వేరైనను మూకుడు ఒక్కటే. అయినను మూడిండ్లలో మూడు తీరుల పునుగులు వేయుట మేమెరుగుదుము. ఒక్కొక్క ఇల్లు మాకు ఒక్కొక్క పాఠము చెప్పినది.

తెనాలిలో మా పెత్తల్లిగారి ఇంట పునుగులనగా మినపపిండి పునుగులే. ఇది ఆ నేలనుబట్టి వచ్చిన అలవాటు. కృష్ణా డెల్టా మాగాణులలో సార్వా వరి కోతకు రెండు మూడు దినములు ముందుగా, నేల తడి ఆరకమునుపే, నిలిచియున్న చేనిలో మినుములు వెదజల్లుదురు. వరి కోసిన పిదప ఆ మొలకలు నేలలో మిగిలిన తేమతోను, శీతకాలపు మంచుతోను పెరిగి పండును. దుక్కి లేదు, ప్రత్యేకముగా నీరు కట్టుట లేదు. ఇట్లు ఒకే మడి బియ్యమును, మినుములను ఇచ్చుటచే ఇడ్లీయు, దోసెయు, గారెయు, పునుగును ఆ ఇండ్ల నిత్యభోజ్యములైనవి. బియ్యమునకును ఈ ప్రాంతము పేరుపొందినదే. దేశమంతటను ప్రసిద్ధికెక్కిన సాంబ మసూరి వంగడము, అనగా బి.పి.టి. 5204, బాపట్ల పరిశోధనల ఫలితముగా 1986లో విడుదలయినది. ఇటీవలి దశాబ్దములలో పల్లాకు తెగులు, బంగారుతీగ వంటి బాధలవలనను, మొక్కజొన్న లాభసాటియగుటవలనను పెక్కు పొలములలో మినుము వెనుకకు తగ్గినది. అయినను వంటింట దాని పెద్దరికము తగ్గలేదు.

పెత్తల్లిగారు పునుగులకై వేరుగా పిండి రుబ్బెడివారు కారు. ఉదయము ఇడ్లీకో దోసెకో రుబ్బిన పిండిలో మిగిలినది సాయంకాలమునకు కొంచెము పులియును. రెండు గిన్నెల పిండికి మూడు నాలుగు చెంచాల బియ్యపుపిండి కలిపి గట్టిపరచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు, జీలకర్ర, తరిగిన కరివేపాకు చేర్చి వేయుదురు. సోడా అక్కరలేదు. పిండి పులియునప్పుడు కంటికి కనబడని సూక్ష్మజీవులు అందలి చక్కెరలను ఆమ్లముగాను, బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. మినపపిండిలో సహజముగా ఒక జిగురును, మాంసకృత్తులును కలవు. అవి ఆ వాయువును చిన్న చిన్న బుడగలుగా పట్టి నిలుపును. బియ్యము కరకరను ఇచ్చును, మినుము మెత్తదనమును ఇచ్చును. పిండి తగినంత గాలి పట్టినదో లేదో తెలిసికొనుటకు పెత్తల్లిగారికి ఒక పరీక్ష కలదు. ఒక చిన్న ముద్దను నీళ్ల గిన్నెలో వేయుదురు. తేలినయెడల పిండి సిద్ధము. మునిగినయెడల మరి కొంతసేపు చేతితో గిలకొట్టవలెను.

ఆ ఇంట మేము నేర్చిన పాఠము పరిమాణమును గురించినది. మేము చిన్నతనమున తొందరపడి నిమ్మకాయంత ముద్దలు వేయగా, పైన మాడి లోన పచ్చిగానుండెను. పెత్తల్లిగారు నవ్వి "ఉసిరికాయంత వెయ్యవే, నిమ్మకాయంత కాదు" అనిరి. ఆ మాటలో ఒక లెక్క ఇమిడియున్నది. వేడి పైనుండి లోనికి మెల్లగా ప్రాకవలెను. ముద్ద వెడల్పు రెట్టింపయినచో వేడి నడిమికి చేరుటకు పట్టు కాలము రెట్టింపు గాక, ఇంచుమించు నాలుగు రెట్లగును. ఉసిరికాయంత పునుగు నాలుగు నిమిషములలో వేగినచో, దానికి రెట్టింపు వెడల్పుగల బోండా లోన ఉడుకుటకు పదునైదు నిమిషములకు పైగా కావలెను. అంతసేపు అదే సెగలో ఉంచిన పైపొర నల్లబడును. కావుననే బోండా వేయువారు సెగ తగ్గింతురు, పునుగు వేయువారు కొంచెము హెచ్చుగానే ఉంచుదురు.

గారెకు నడుమ చిల్లు పెట్టుట అందమునకని పలువురు తలంతురు. అదియు ఈ లెక్కకు సమాధానమే. చిల్లు పెట్టుటతో గారెలో నూనెకు దూరముగానుండు నడిమి భాగమే లేకుండ పోవును. పాశ్చాత్యుల డోనట్ అను తీపి వంటకము కథయు ఇట్టిదే. నడుమ పచ్చిగా మిగిలిపోవు బాధకు విరుగుడుగా 1847లో తానే తొలుత రంధ్రము చేసితినని హాన్సన్ గ్రెగరీ అను అమెరికా నావికుడు ముసలితనమున చెప్పుకొనెను. తరువాతివారు ఆ తీసివేసిన నడిమి ముద్దనుగూడ పారవేయక, చిన్న ఉండలుగా వేయించి తినుట మొదలిడిరి. కెనడాలోని టిమ్ హార్టన్స్ దుకాణములవారు 1976 నుండి ఆ ఉండలను టిమ్‌బిట్స్ అను పేర అమ్ముచున్నారు. అనగా వారు పెద్దదానిని చేసి, నడుమ తొలిచి, తొలిచినదానిని మరల వేయించి చేరుకొన్న చోటికి మన ఇల్లాలు రెండు వ్రేళ్లతో పిండి జారవిడిచి నేరుగా చేరుకొన్నది. గారెకు చిల్లు, పునుగుకు చిన్నదనము. రెండింటి ప్రయోజనమును ఒక్కటే.

రెండవ ఇల్లు బాపట్లలోనిది. 1945లో ఆ ఊర వ్యవసాయ కళాశాల వెలసినది. అందు చదివిన ఒక బంధువు మాకు సోడా రహస్యము తెలిపినారు. వారి ఇంట వేయునవి పెరుగు పునుగులు. చల్ల పునుగులనియు అందురు. రుబ్బుట లేదు, రాత్రి నానబెట్టుట లేదు. అనుకొన్న గంటలో చేసికొనవచ్చును గనుక క్రొత్తగా వంట నేర్చువారికి ఇవియే తగినవి. కొలతలు ఇవి: మైదాపిండి 200 గ్రాములు, బియ్యపుపిండి 50 గ్రాములు, పుల్లని గట్టిపెరుగు పావులీటరు, ఉప్పు ఒక చిన్న చెంచా, జీలకర్ర అర చెంచా, సన్నగా తరిగిన పచ్చిమిరపకాయలు మూడు, అంగుళము అల్లపుముక్క తురుము, కరివేపాకు రెండు రెబ్బలు, వంటసోడా పావు చిన్న చెంచా. వీనితో నలువది ఏబది పునుగులగును.

పెరుగును ఉప్పుతో చిలికి, పిండి రెండును జల్లించి అందు కొద్దికొద్దిగా చేర్చి, ఉండలు లేకుండ కలుపవలెను. చేతితో ఒకే వైపు ఐదు నిమిషములు గిలకొట్టి, మూతపెట్టి అరగంట నాననీయవలెను. నానినప్పుడు మైదాలోని సాగుడు గుణము కుదురుకొనును. పిండిని వ్రేళ్లతో ఎత్తి విడిచినప్పుడు ధారగా కారరాదు, రాయివలె పడరాదు. ముద్దగా సాగి మెల్లగా జారవలెను. గట్టిపడినచో ఒకటి రెండు చెంచాల నీరు, జారుడైనచో ఒక చెంచా పిండి చేర్చవచ్చును. సోడాను మాత్రము మొదట కలుపరాదు. నూనె కాగుచుండగా, తక్కిన దినుసులతోపాటు చిట్టచివర కలుపవలెను.

దీనికి కారణమును మా బంధువు ఇట్లు వివరించిరి. వంటసోడా ఒక క్షారము. పెరుగులోని పులుపు ఆమ్లము. రెండును తడిలో కలియగానే బొగ్గుపులుసు వాయువు పుట్టును. తగినంత పులుపు దొరికినచో ఒక్క గ్రాము సోడానుండి పావులీటరుకు మించిన వాయువు వెలువడును. పావు చిన్న చెంచా సోడా ఇంచుమించు ఒక గ్రామే. అనగా గిన్నెడు పిండిని పొంగించుటకు అది చాలును. ముందే కలిపి గంటసేపు ఉంచినచో ఆ వాయువులో చాలభాగము మూకుడు చేరకమునుపే గాలిలో కలిసిపోవును. పులుపు చాలనప్పుడు సోడా వేడికి విడిపోయినను, సగము వాయువునే ఇచ్చి, వెనుక చాకలిసోడా వంటి క్షారమును మిగుల్చును. పునుగు పసుపుపచ్చగా మారి, సబ్బు రుచి తగులుట దానివలననే. కావున పెరుగు కమ్మగానున్ననాడు అర నిమ్మకాయ రసము పిండుట మంచిది. సోడా హెచ్చించుట మంచిది కాదు. హెచ్చు సోడావలన పునుగు మరీ గుల్లబారి, ఆ గుల్లలలో నూనె నిండును.

ఇక నూనె సంగతి. ఇందే నేర్పంతయు కలదు. నీరు 100 డిగ్రీల వద్ద మరగును. వేపుడునకు తగిన నూనె 170 నుండి 180 డిగ్రీల వేడిమిలోనుండును. అట్టి నూనెలో పిండి ముద్ద పడగానే అందలి నీరు ఆవిరియై నలువైపులకు చిమ్ముకొని వచ్చును. మనము చూచు నురుగు బుడగలన్నియు ఆ ఆవిరియే. లోనుండి వెలికి త్రోయు ఆ ఆవిరి ఉన్నంతసేపు నూనె లోనికి చొరజాలదు. నూనె చాలినంత కాగకున్నచో ఆవిరి బలహీనముగానుండును, పైపొర త్వరగా గట్టిపడదు, పునుగు నానిన గుడ్డవలె నూనె త్రాగును. మరీ కాగి పొగలు చిమ్మినచో పైపొర క్షణములో బిగిసి ఎర్రబడును. లోన పచ్చిపిండి మిగులును.

ఇంట ఉష్ణమాపకము లేకున్నను పరీక్షకు కొరత లేదు. చిటికెడు పిండి నూనెలో విడువవలెను. అది అడుగునబడి, కొంత తడవు అట్లేయుండి, సోమరిగా పైకి వచ్చినచో నూనె ఇంకను కాగవలెను. పడినవెంటనే బుడగలతో పైకి తేలి, రంగు మారక నిలిచినచో సరిపోయినది. తేలుచునే ఎర్రబడినచో సెగ తగ్గించి రెండు నిమిషములు ఆగవలెను. ఒక వాయిలో మూకుడు నిండ వేయరాదు. చల్లని పిండి ఒక్కసారిగా పడుటవలన నూనె చల్లారును. నడితరపు మూకుడునకు వాయికి పది పండ్రెండు చాలును. పునుగులు ఒకదానినొకటి ఒరసికొనక తిరుగుటకు చోటుండవలెను.

తడిచేతితో పిండి తీయుట అలవాటు గాని, చేతినుండి నీటిబొట్లు నూనెలో పడనీయరాదు. చేయి నీట ముంచి, దులిపి, వ్రేళ్లతో పిండి తీసి, నూనెకు దగ్గరగా వంచి బొటనవ్రేలితో జారవిడువవలెను. భయపడి పైనుండి వేసినవారికే నూనె చిందును. పడిన పునుగు కొద్ది క్షణములలో పొంగి, అడుగు తేలికయై, పలుమారు తనంతట తానే దొర్లుట చూడముచ్చటగా ఉండును. దొర్లనివానిని చిల్లుల గరిటెతో మెల్లగా త్రిప్పవలెను. కాలము లెక్కించుకొనుటకు రేడియో ఉన్న ఇంట ఒక సులువున్నది. చలనచిత్ర గీతము ఒకటి మూడు నాలుగు నిమిషములు సాగును. పాట ఎత్తుకొన్నప్పుడు వేసిన వాయి పాట ముగియువేళకు బంగారు వన్నెకు వచ్చును. నురుగు తగ్గి, చప్పుడు సన్నగిల్లుట లోని తడి ఆరినదనుటకు గుర్తు. చెవియు కన్నువలెనే వంటకు సాధనమని ఇందువలన తెలియును.

తీయుటలో నొక మెలకువ కలదు. నూనె పునుగులోనికి పోవుట ఎక్కువగా వేగునప్పుడు కాదు, తీసిన పిదపనే అని ఆహార శాస్త్రజ్ఞులు నిరూపించిరి. బయటికి వచ్చిన పునుగు చల్లారుకొలది లోని ఆవిరి నీరుగా కుదియును. ఆవిరి ఉన్న చోటు వెలితియగుటచే పైన అంటుకొనియున్న నూనెను అది లోనికి పీల్చుకొనును. కావున తీసినవెంటనే చిల్లుల గరిటెను మూకుడుపైననే రెండు మూడు మారులు కుదిపి, వేడిగా ఉండగనే నూనెను కార్చివేసి, ఆపైన కాగితముపై పరువవలెను. గిన్నెలో గుట్టగా పోసి మూతపెట్టినచో అడుగువి నూనెలో నానును, పైవి ఆవిరికి మెత్తబడును. వేడివేడి పునుగులకు అల్లపు పచ్చడియో, వేరుశనగపప్పు పచ్చడియో తోడు. పిల్లలకు కారప్పొడి చల్లి ఇచ్చుటయు కలదు.

ఇక మూడవ ఇల్లు రేపల్లెలోని మా పుట్టినిల్లు. అచ్చట మా అన్నగారి ఇంట తీపి పునుగులపై మక్కువ హెచ్చు. గోధుమపిండి 200 గ్రాములు, బియ్యపుపిండి రెండు చెంచాలు, బెల్లపు తురుము 120 గ్రాములు, పెరుగు రెండు చెంచాలు, ఏలకుల పొడి, ఉప్పు, సోడా చిటికెడు చొప్పున తీసికొందురు. బెల్లమును సుమారు 150 మిల్లీలీటర్ల నీటిలో కరగించి, వడపోసి, పూర్తిగా చల్లార్చి పిండిలో కలుపుదురు. తీపి గలది త్వరగా ఎర్రబడును గనుక కారపు పునుగులకన్న సెగ తగ్గించి, మరికొంత నిదానముగా వేయింపవలెను. డోనట్ ఉండలవలె పైన తీపి అంటవలెనని కోరు పిల్లలకు బెల్లము తగ్గించి వేసి, వేడి తగ్గకమునుపే ఏలకులు కలిపిన పంచదార పొడిలో దొర్లించిన సరిపోవును.

ఆ ఇంటనే ఒక దీపావళికి ముందు మేము మొదట సూచించిన సంఘటన జరిగినది. మా మేనకోడలు అప్పటికి పదునారేండ్ల పిల్ల. వెన్నుండలు తానే చేసెదనని ముచ్చటపడినది. వరిపిండిని వెన్నతో కలిపి చుట్టి, నేతిలోనో నూనెలోనో వేయించి పాకము పట్టు ఆ వంట చూపునకు పునుగువలెనే ఉండును. ప్రక్కన కూర్చున్న మేము "పగుళ్లు లేకుండా నున్నగా, బిగించి చుట్టవే" అని పదేపదే హెచ్చరించితిమి. మూడవ వాయిలో ఒక ఉండ టపాకాయవలె పేలినది. నూనె ఆమె కుడి ముంజేతిపై పడినది. ఇంటిలోనివారు తలకొక మందు చెప్పిరి. ఒకరు సిరా పోసిరి, ఒకరు వెన్న రాచిరి, ఒకరు పసుపు అద్దిరి. వైద్యునివద్దకు తీసికొనిపోయినప్పుడు ఆయన మొదట చేయవలసివచ్చినది ఆ పూతలన్నియు కడిగి తీయుటయే. గాయము మానినది గాని మచ్చ మానలేదు. ఆ పిల్ల ఆరేండ్లపాటు మూకుడు దరిజేరలేదు. అందరును ఆమె అజాగ్రత్త అనిరి. తప్పు ఆమెది కాదు, మాది. బిగించి చుట్టుమని చెప్పినది మేమే.

ఉండ పేలుటకు కారణము ఇది. నీరు ఆవిరియగునప్పుడు దాని పరిమాణము సుమారు 1,600 రెట్లు పెరుగును. పిండిలోని తడియు, వెన్నలోని నీరును వేడికి ఆవిరియై బయటికి దారి వెదకును. మైదా, గోధుమ పిండులకు సాగు గుణము కలదు. ఆవిరి త్రోసినప్పుడు అవి సాగును, అందువలననే పూరీ పొంగును. పులిసిన మినపపిండి గుల్లగానుండి, ఆవిరికి వేయి దారులిచ్చును. వరిపిండికి సాగుడు లేదు. బిగించి నున్నగా చుట్టిన వరిపిండి ఉండపై పొర కరకుగా బిగిసినప్పుడు ఆవిరికి దారి దొరకదు. వత్తిడి పెరిగి పెరిగి పొర ఒక్కసారిగా బ్రద్దలగును. ప్రాణాపాయము గలిగించు ఈ శక్తి ఎక్కడినుండియో వచ్చినది కాదు. పొంగుటకు తోడ్పడు ఆవిరియే దారిలేనప్పుడు పేలుటకును కారణమగుచున్నది.

కారణము తెలిసిన పిదప జాగ్రత్తలు వాని అంతట అవే తోచును. వరిపిండి ఉండలు చిన్నవిగా, వదులుగా చుట్టవలెను. సూదితోనో పుల్లతోనో ఒక సన్నని చిల్లు చేయుట మేలు. నూనె మరీ కాగియుండగా వేయరాదు. సగ్గుబియ్యము కలిపి వేయు పునుగులలో అవి పూర్తిగా నానకున్నచో చిట్లి ఎగురును; నొక్కిన పిండివలె నలుగువరకు నాననీయవలెను. పచ్చిమిరపకాయను తరుగక నిండుగా వేయరాదు. కరివేపాకు కడిగి తడి తుడిచి కలుపవలెను. పిండిలో పొడి ఉండలు మిగులనీయరాదు. క్రొత్తగా ఏ పిండి కలిపినను ముందు ఒకే ఒక్క పునుగు వేసి, దూరముగా నిలిచి చూచి, ఆ పిదపనే వాయి వేయవలెను.

మూకుడులో నూనె మూడవవంతునకు మించరాదు. పిడి గోడవైపునకు త్రిప్పియుంచవలెను. కొంగు నడుమున బిగించుకొనవలెను. కృత్రిమపు నూలు చీరెలు నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును గనుక వేపుడు పనికి నూలుచీరె శ్రేష్ఠము. పొయ్యికి మూడడుగుల దూరమున సుద్దముక్కతో ఒక గీత గీచి, పిల్లలు దానిని దాటరాదను నియమము పెట్టుట మంచిది. నూనె అంటుకొన్నచో ఎట్టి పరిస్థితులలోను నీరు చల్లరాదు. నీరు నూనె అడుగునకు దిగి, క్షణములో ఆవిరియై, మండుచున్న నూనెను ఇల్లంతట చిమ్మును. పొయ్యి ఆర్పి, మూకుడుపై లోహపు మూత జరిపి కప్పి, పూర్తిగా చల్లారువరకు కదల్పకుండుటయే మార్గము. అందుకై ఆ మూత చేతికందునంత దూరమున ముందే ఉంచుకొనవలెను.

ఒంటిపై నూనె పడినచో వెంటనే గాజులు, ఉంగరములు తీసివేసి, కాలిన భాగమును కుళాయి క్రింద చల్లని నీటి ధారలో ఇరువది నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ వద్దు. సిరా, వెన్న, పసుపు, పళ్లపొడి, పిండి, ఏదియు వద్దు. బొబ్బలు చిదుమరాదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, ముఖముగాని, చేతులుగాని, అరచేతికి మించిన వైశాల్యముగాని కాలినప్పుడును, కాలినది పసిపిల్లలైనప్పుడును ఆలస్యము చేయక వైద్యునివద్దకు పోవలెను.

మిగిలిన నూనెను గురించి ఒక మాట. పొదుపు మంచిదే, కాని మాటిమాటికి కాచిన నూనె విరిగి ఆరోగ్యమునకు కీడు చేయును. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నియమము ప్రకారము 2018 జులై 1 నుండి, విరుగుడు పదార్థములు నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదు. ఆ లెక్క ఇంట తేలదు గాని, నూనె నల్లబడుట, జిడ్డుగా చిక్కబడుట, పిండి వేయకమునుపే నురుగు కట్టుట, త్వరగా పొగవచ్చుట అను నాలుగు గుర్తులు కంటికి కనబడును. వీనిలో ఏది కనబడినను ఆ నూనెను విడువవలెను. బాగున్న నూనెను చల్లార్చి, గుడ్డలో వడపోసి, వెలుతురు తగులని చోట ఉంచి, క్రొత్తనూనెలో కలుపక, కొద్ది దినములలో కూరల పోపునకు వాడివేయుట ఉత్తమము. మొదటినుండి చిన్న మూకుడులో కొద్ది నూనె పోసి, నాలుగు వాయిలు ఎక్కువ వేసికొనుట అంతకన్న పొదుపు.

మా మేనకోడలికి ఇప్పుడొక కొడుకు. క్రిందటి శ్రావణములో రేపల్లె వెళ్లినప్పుడు ఆ బాలుడు "అమ్మా, పునుగులు" అని మారాము చేసినాడు. ఆమె మచ్చవైపు చూచుకొని మమ్ము అడిగినది: "అత్తయ్యా, అప్పుడది ఎందుకు పేలింది?" అన్నేండ్లలో ఆమె అడిగినది అదే మొదటిసారి, ఎవరమును చెప్పకపోవుటయు నిజమే. పైన వ్రాసినదంతయు మేము ఆనాడు పీటపై కూర్చుండి ఆమెకు చెప్పినదే. విన్న పిదప ఆమె లేచి పెరుగు చిలికినది. సుద్దముక్కతో గీత గీచి కొడుకును దానికి ఆవల కూర్చుండబెట్టినది. చిటికెడు పిండి విడిచి నూనె పరీక్షించినది. తరువాత ఒకే ఒక్క పునుగు వేసి రెండడుగులు వెనుకకు నిలిచినది.

అది పొంగి, దొర్లి, ఎర్రబడినది. చప్పుడు సన్నగిల్లినది. ఆమె దానిని తీసి, కుదిపి, కాగితముపై ఉంచి, వాయికి పది చొప్పున వేయనారంభించినది. ఏడేండ్ల ఆ బాలుడు గీత దాటలేదు.